ఆదివారం రాజుబిడ్డ, సోమవారం నిరుద్యోగి: క్రీస్తులో ఉన్న విలువ రోజువారీ బతుకులో ఎలా నిలుస్తుంది?

వందనాలు బ్రదర్. మీరు రాసినదంతా కుదిస్తే మూడు ప్రశ్నలు. బీటెక్ అయి రెండేళ్లయినా ఉద్యోగం లేదు. ఆరాధనలో "నేను రాజాధిరాజు బిడ్డను" అని చేతులెత్తినప్పుడు నిండిన గుండె, సోమవారం పొద్దున బంధువుల వాట్సాప్ గ్రూపు తెరవగానే ఖాళీ అయిపోతోంది, ఎందుకు? దీనికి "విశ్వసించు బ్రదర్" అనడం తప్ప చేయాల్సిన పని ఏమైనా ఉందా? ఇక మూడోది: రికార్డుల్లో హిందూ ఎస్సీ, చర్చిలో క్రైస్తవుణ్ణి, ఇంతకీ నేనెవరిని? ఒక్కొక్కటే చూద్దాం.

మీకు విశ్వాసం తక్కువై ఇలా జరగడం లేదు. మిమ్మల్ని పడగొట్టే మాటకు ఊరూ పేరూ ఉన్నాయి: "పెద్దమ్మ వాళ్లబ్బాయిది కూడా అదే బ్యాచ్, అప్పుడే ఫ్లాట్ కొన్నాడు." దానికి మీరిచ్చే జవాబు మాత్రం ఏ సందర్భానికైనా అతికే "దేవుడు నన్ను ప్రేమిస్తున్నాడు." ఆ మాట నిజమే, కానీ దెబ్బ తగిలిన చోటికి చేరడం లేదు. పోలిక వచ్చి ఒక చోట గుచ్చుకుంటే, ఓదార్పు ఇంకెక్కడో గాల్లో తేలుతోంది.

రెండో కారణం మన సంఘాల్లోనే ఉంది. డిసెంబరు 31 రాత్రి కూడికలో, కొత్త ఏడాదికి దేవుడు నాకిచ్చిన మాట ఇదీ అంటూ చీటీగా తీసే వాగ్దాన వచనం సంగతి మీకు తెలిసిందే. "నిన్ను తలగా నియమించునుగాని తోకగా నియమింపడు" అన్న చీటీ వస్తుంది. మార్చికల్లా ఇంటర్వ్యూలో పోతుంది. అప్పుడు దేవుడైనా అబద్ధమాడి ఉండాలి, నేనైనా చెడ్డవాణ్ణి అయి ఉండాలి అన్న లెక్క మొదలవుతుంది. ద్వితీయోపదేశకాండము 28వ అధ్యాయం మొత్తం తీసి చదవండి. 13వ వచనంలో ఉన్న తలా తోకా 44వ వచనంలో తారుమారవుతాయి. అది ఇశ్రాయేలు జనంతో చేసిన నిబంధన, షరతులతో సహా. ఆ 44వ వచనాన్ని ఎవరూ చీటీ మీద అచ్చు వేయరు! అలాగే "నన్ను బలపరచువానియందే నేను సమస్తమును చేయగలను" అన్న ఫిలిప్పీ 4:13. దాని పైవచనంలో పౌలు ఆకలిగా ఉండటం, లేమిలో ఉండటం నేర్చుకున్నానంటున్నాడు. అది గెలుపు గురించిన మాట కాదు. జైల్లో ఖాళీ కడుపుతో కూడా చెదరకుండా ఉండటం గురించిన మాట. సందర్భం నుంచి తెంపిన వచనం మీద విలువ కడితే మొదటి గాలికే పడిపోతుంది, అప్పుడు తిట్లు బైబిలుకు తగులుతాయి.

మరి దేని మీద కట్టాలి? వరుస చూడండి. మార్కు సువార్త 1వ అధ్యాయంలో "నీవు నా ప్రియకుమారుడవు, నీయందు నేనానందించుచున్నాను" అన్న స్వరం 11వ వచనంలో వస్తుంది. అప్పటికి ఆ సువార్తలో యేసు ఒక్క అద్భుతం చేయలేదు, ఒక్క ప్రసంగం చెప్పలేదు, ఒక్క శిష్యుణ్ణి పిలవలేదు. అంగీకారం ముందు, పని తరువాత. లూకా 4లో శోధకుడు, అంటే సాతాను, మొదట పట్టుకున్నదీ అక్కడే: "నీవు దేవుని కుమారుడవైతే" నిరూపించు అన్నాడు. యేసు నిరూపించే పనికి దిగలేదు. ఎఫెసీ పత్రికదీ, అంటే ఎఫెసు సంఘానికి రాసిన ఉత్తరానిదీ, ఇదే వరుస. మొదటి మూడు అధ్యాయాల్లో పాఠకులకు ఇచ్చిన ఆజ్ఞ ఒక్కటే, 2:11లో "జ్ఞాపకము చేసికొనుడి" అన్నది. చేయండి, మానండి అనే మాటలన్నీ 4వ అధ్యాయం నుంచి మొదలవుతాయి. మీరు నాలుగుతో మొదలుపెట్టి ఒకటికి చేరాలని చూస్తున్నారు. ఉద్యోగం వచ్చాక, అలవాట్లు సరయ్యాక, పరిచర్యలో, అంటే చర్చి సేవలో, పేరొచ్చాక దేవుడు ఆనందిస్తాడని. ఆ దారిన ఎంత నడిచినా ఒకటికి చేరలేరు.

దత్తత గురించి ఒక్క మాట, ఎందుకంటే రోమా 8:15 దాని మీదే నిలబడింది. రోమా చట్టంలో పెద్దవాళ్లను కూడా దత్తత తీసుకునేవారు. వచ్చినవాడికి కొత్త ఇంటిపేరు, పూర్తి వారసత్వం ఉండేవి. పౌలు ఆ పత్రిక రాసేనాటికి, అంటే దాదాపు క్రీ.శ. 57 ప్రాంతంలో, సింహాసనం మీదున్న నీరో స్వయంగా దత్తపుత్రుడే, అంతకుముందు చక్రవర్తి క్లౌదియ క్రీ.శ. 50లో అతన్ని తీసుకున్నాడు. కాబట్టి రోములో ఆ మాట విన్నవాళ్లెవరికీ దత్తత అంటే రెండో రకం కొడుకు అన్న భావన వచ్చే అవకాశం లేదు. దత్తతలో కొడుకును ఎంచుకునేది తండ్రి, పత్రం రాసేది తండ్రి. కొడుకు అర్హత పరీక్ష రాయడు.

ఇక చేయాల్సిన పని. ఆరు వారాలు పెట్టుకోండి, రోజుకు పదిహేను నిమిషాలు.

మొదటి వారం బైబిలు కంటే ముందు ఒక నోటుబుక్కు కావాలి. మనసు కుంగినప్పుడల్లా లోపల వినిపించిన మాటను ఉన్నదున్నట్టు, అదే యాసలో రాయండి. "నిరుత్సాహంగా ఉంది" అని రాస్తే పనికిరాదు. "ఇంకెన్నాళ్లు అయ్య మీద పడి తింటావ్" అని రాయండి. పక్కన సమయం, అంతకుముందు ఏం చేస్తున్నారో రాయండి. వారం తరువాత చూస్తే చాలామందికి రెండు సంగతులు బయటపడతాయి. ఎక్కువ మాటలు రాత్రి పడుకునే ముందు, ఫోను చేతిలో ఉన్నప్పుడు వచ్చినవి. పది రకాలుగా కనబడినా అన్నీ ఒకటి రెండు వేళ్ల నుంచే పుట్టినవి: నేను సాధించింది ఏమీ లేదు, నలుగురూ ఏమనుకుంటారు, నా పుట్టుక ఇంతే, నా రూపం ఇంతే, నేను చేసిన పాపం ఇంత. మీది ఏదో తేల్చుకోండి. అన్నింటి మీదా ఒకేసారి పడితే ఏదీ కదలదు.

రెండో వారం నుంచి ఆ ఒక్కదానికి ఒక వాక్యభాగం. వచనం కాదు, భాగం. సాధన మీద విలువ కట్టుకునేవారికి మార్కు 1:9–13. నలుగురి మాటకు వణికేవారికి 1 కొరింథీ 4:1–5. అందులో పౌలు మనుషుల తీర్పును పక్కన పెట్టడంతో ఆగడు, "నన్ను నేనే విమర్శించుకొనను" అని తన తీర్పును కూడా తీసి పక్కన పెడతాడు. మనం రెండోది మరిచిపోతాం. పుట్టుక గురించి అయితే 1 కొరింథీ 1:26–31, ఎఫెసీ 2:11–22. పాత పాపం అయితే లూకా 15:11–32. అక్కడ చిన్నకొడుకు దారిలో కట్టుకొచ్చిన మాటల్లో "నన్ను నీ కూలివారిలో ఒకనిగా పెట్టుకొనుము" అని ఉంది. తండ్రి ముందు నిలబడ్డాక ఆ మాట దాకా రానేలేదు, ఈలోపే తండ్రి వస్త్రం తెమ్మని దాసులకు చెప్పేశాడు. రంగు, రూపం గురించి అయితే 1 సమూయేలు 16:1–13. దీన్ని చాలామంది సగమే చెబుతారు. 7వ వచనంలో యెహోవా పైరూపాన్ని లక్ష్యపెట్టడని ఉంది, 12లో దావీదు అందగాడనీ ఉంది. దావీదు అన్న ఏలీయాబు ఎత్తు అతన్ని గెలిపించలేదు, దావీదు అందమూ దావీదును గెలిపించలేదు. అందం లేకపోవడం పుణ్యమేమీ కాదు, అది లెక్కలోకే రాలేదు అంతే.

ఎంచుకున్న భాగాన్ని మూడు వారాలు మార్చకండి. పొద్దున ఫోను ముట్టకముందే, పైకి వినబడేలా రెండుసార్లు చదవండి. తరువాత రెండే రెండు ప్రశ్నలకు రాయండి: ఇందులో దేవుడు చేసింది ఏమిటి? నన్ను చేయమన్నది ఏమిటి? మొదటిదానికి జవాబు దొరకకుండా రెండోదానికి వెళ్లొద్దు. చివరి ఐదు నిమిషాలు ప్రార్థన, నోటుబుక్కులోని ఆ ముల్లు లాంటి మాటను దేవునికి చదివి వినిపిస్తూ. కీర్తన 13 అలాగే మొదలవుతుంది, "ఎంతకాలము" అని. మర్యాదైన మాటలు వెతుక్కోనక్కరలేదు.

తరువాత ఒక జవాబు వాక్యం తయారు చేసుకోండి. దీనికి మూడు ముక్కలుండాలి. ఉన్న నిజాన్ని ఒప్పుకోవడం, దేవుడు చేసింది చెప్పడం, ఈరోజు చేసే పని. ఉదాహరణకు: "రెండేళ్లుగా ఉద్యోగం లేదు, నిజమే. దేవుడు నన్ను కొడుకుగా తీసుకున్నది ఉద్యోగం చూసి కాదు. ఈరోజు రెజ్యూమెలో లేని అనుభవం రాయకుండా మూడు చోట్లకు పంపుతాను." మొదటి ముక్క లేకపోతే అది ఆత్మవంచన, నాలుగు రోజుల్లో మీ మనసే నమ్మడం మానేస్తుంది. "నేను విజేతను" అని అద్దం ముందు వందసార్లు అనడం ఇందుకే పనిచేయదు. రెండో ముక్క లేకపోతే వట్టి కష్టపడి పనిచెయ్ అన్న నీతిపాఠం. మూడో ముక్క లేకపోతే సోమరితనానికి భక్తి రంగు పూసినట్టు. మన దగ్గర ఎక్కువగా ఎగిరిపోయేది ఈ మూడోదే. "దేవుని సమయం" కోసం చూస్తున్నానంటూ అప్లికేషన్ పంపని వాళ్లు ప్రతి యూత్ మీటింగులోనూ ఉంటారు.

నోటితో చెప్పడాన్ని తక్కువ చేయకండి. 1912లో దోర్నకల్ బిషప్‌గా వచ్చిన వి.ఎస్. అజరయ్య, భారతీయుల్లో మొదటి ఆంగ్లికన్ బిషప్, బాప్తిస్మం తీసుకునేవారిచేత చేయి తలమీద పెట్టించి "నేను బాప్తిస్మం పొందిన క్రైస్తవుణ్ణి, సువార్త ప్రకటించకపోతే నాకు శ్రమ" అనిపించేవారని చెబుతారు. ఎదుట నిలబడ్డవారిలో ఎక్కువమంది ఊరి బయట పేటల్లోని మాల, మాదిగ కూలీలు, ఊళ్లో ఎవరూ పేరుపెట్టి గౌరవంగా పిలవనివాళ్లు. ఆ వాక్యంలో మీరు ఎవరో ఉంది, మీ చేతిలో పెట్టిన పని కూడా ఉంది. మీ జవాబు వాక్యానికి కొలత అదే.

ఎక్కడ తప్పుతుందో కూడా చెప్పాలి. మొదటి రెండు వారాల్లో బాధ పెరిగినట్టు అనిపిస్తుంది, ఎందుకంటే ఇన్నాళ్లూ మసకగా ఉన్నదాన్ని కాగితం మీద చూస్తున్నారు. అక్కడే చాలామంది మానేస్తారు. ఇంకొందరు దీన్నే కొత్త మార్కుల షీటు చేసుకుంటారు, ఒక రోజు తప్పితే "ఇది కూడా చేయలేకపోయాను" అని. తప్పిన రోజును వదిలేసి మరునాడు కూర్చోండి, రెండు రోజులవి కలిపి చేయొద్దు. ఇంకొకటి, వినయం పేరుతో చేసే ఆత్మనింద. మన ప్రార్థనల్లో "ఎన్నికలేని పురుగువంటివారము" అనడం అలవాటు. కీర్తన 22:6లో ఆ మాట ఉన్న మాట నిజమే, కానీ అక్కడ మాట్లాడేవాడు మనుషులు తనను ఎలా చూస్తున్నారో వాపోతున్నాడు. 9వ వచనానికల్లా గర్భంలో నుంచి నన్ను తీసినవాడవు నీవే కదా అంటున్నాడు. ఆరు దగ్గర ఆగిపోయి తొమ్మిదికి వెళ్లని ప్రార్థన వినయం కాదు.

పరిచర్య గురించి ప్రత్యేకంగా హెచ్చరిస్తున్నాను, ఎందుకంటే మీరు కీబోర్డు వాయిస్తానని రాశారు. ఉద్యోగంలో దొరకని గుర్తింపు స్టేజీ మీద దొరుకుతుంది. ఎవరైనా కొత్త కుర్రాడు ఇంకా బాగా వాయిస్తే గుండెలో రాయి పడుతుంది. ఇది విగ్రహం మార్చుకోవడమే, పోగొట్టుకోవడం కాదు. లూకా 10:17–20లో డెబ్బదిమంది శిష్యులు దయ్యాలు లోబడ్డాయని సంతోషంగా తిరిగొస్తే, దానికి కాదు, మీ పేర్లు పరలోకంలో రాసి ఉన్నందుకు సంతోషించండి అన్నాడు యేసు. పరిచర్య బాగా జరిగిన రోజు చెప్పిన మాట అది, విఫలమైన రోజు కాదు. పరీక్ష సులువు: నెలలో ఒక ఆదివారం స్టేజీ ఎక్కకుండా వెనక బెంచీలో కూర్చోండి. ఆ పూట మీకు ఎంత ఇబ్బందిగా ఉంటుందో, మీ విలువలో అంత భాగం కీబోర్డు మీద ఉంది.

ఇదంతా ఒంటరిగా చేయొద్దు. నాలుగు వందల మంది కూర్చునే ఆరాధనలో ఇది తేలదు. మీలాంటి నలుగురు, వారానికి గంటన్నర, ఒకే వాక్యభాగం చాలు. నోటుబుక్కు చూపించేది మాత్రం ఒక్కరికే. మీకంటే పెద్దవాడై ఉండాలి, మగవాళ్లకు మగవారు, ఆడవాళ్లకు ఆడవారు. వేరేవాళ్ల సంగతి "ప్రార్థన మనవి" అంటూ మీ దగ్గర చెప్పే అలవాటున్నవారికి చూపించొద్దు, రేపు మీదీ అలాగే వెళుతుంది. నెల మొదటి ఆదివారం ప్రభువు బల్ల (రొట్టె, ద్రాక్షారసం) తీసుకునేటప్పుడు నోటుబుక్కులోని ఆ మాటను గుర్తు చేసుకుని చేయి చాపండి. ఆ బల్ల దగ్గర ప్యాకేజీ ఎంతని ఎవరూ అడగరు.

ఒక గీత గీయాలి. రెండు వారాలు దాటి నిద్ర, ఆకలి చెడిపోయి, ఏ పనిమీదా మనసు లేక, చచ్చిపోతే బాగుండనిపిస్తుంటే అది డిప్రెషన్ కావచ్చు. నోటుబుక్కుతో ఆగకుండా డాక్టరు దగ్గరికి వెళ్లాలి. టెలి మానస్ నంబరు 14416, ఉచితం, తెలుగులో మాట్లాడతారు. మందులు మొదలుపెట్టాక ఎవరో ప్రార్థించారని ఆపేయొద్దు. ఆ స్థితిలో ఉపవాసం కూడా వద్దు. 1 రాజులు 19లో చావు కోరుకున్న ప్రవక్త ఏలీయాకు దేవుడు ముందు పంపింది ప్రసంగం కాదు. నిద్రపోనిచ్చి, రొట్టె, నీళ్లు, అదీ రెండుసార్లు. మాట్లాడింది తరువాతే.

చివరి ప్రశ్న. సర్టిఫికెట్.

ఇందులో రెండు వేరు విషయాలు కలిసిపోయాయి, విడదీస్తేనే ఊపిరాడుతుంది. ఒకటి చట్టం. 1950 నాటి రాష్ట్రపతి ఉత్తర్వు మూడో పేరా ప్రకారం ఎస్సీ హోదా మొదట హిందువులకే, 1956లో సిక్కులకు, 1990లో బౌద్ధులకు ఇచ్చారు, క్రైస్తవులకు లేదు. రెండు తెలుగు రాష్ట్రాల్లోనూ క్రైస్తవులైన ఎస్సీలు, వారి సంతానం బీసీ–సీ (వెనుకబడిన తరగతుల్లో సి గ్రూపు) కిందకు వస్తారు, ఒక శాతం రిజర్వేషన్. మతం మారితే కులవివక్ష పోతుందా అన్న వాదన 2004లో సుప్రీంకోర్టుకు వెళ్లింది. 2022లో కేంద్రం జస్టిస్ కె.జి. బాలకృష్ణన్ అధ్యక్షతన కమిషన్ కూడా వేసింది. ఈ చట్టం అన్యాయమని వాదించే హక్కు మీకుంది, నా అభిప్రాయమూ అదే. చర్చిలో కులం లేదని ఎవరైనా అంటే క్రైస్తవ పెళ్లి ప్రకటనల్లో కులం పేర్లు చూపించండి చాలు.

రెండోది మీరెవరన్నది. ఒంగోలు దగ్గర గుండ్లకమ్మలో 1878 జూలై 3న ఒక్కరోజే 2,222 మంది బాప్తిస్మం తీసుకున్నారు, దాదాపు అంతా మాదిగలు. అంతకుముందు కరువు పనులు సాగినంతకాలం, ఏడాదికి పైగా, మిషనరీ జాన్ క్లౌ బాప్తిస్మాలు ఆపేశారు, తిండి కోసం వచ్చారన్న మాట రాకూడదని. అయినా వాళ్లను "బియ్యం క్రైస్తవులు" అన్నవాళ్లు అన్నారు. మీ ముత్తాతల కాలం నుంచీ ఈ విశ్వాసానికి బయటివాళ్లు వేరే కారణాలు అంటగడుతూనే ఉన్నారు; ఆ తీర్పును మీరు మోయనక్కరలేదు. స్కూల్లో చేర్చేటప్పుడు అమ్మానాన్న రాయించింది మీ నేరమూ కాదు. పిల్లల చదువు కోసం వాళ్లు ఏ భయంతో రాయించారో మీకు నాకంటే బాగా తెలుసు.

కానీ ఇకమీదట పెట్టే సంతకం మీది. బాప్తిస్మం తీసుకుని, చర్చిలో సభ్యత్వం ఉండి, కొత్తగా ఏ ఫారం మీదైనా హిందూ ఎస్సీ అని ప్రకటించే ముందు ఈ కేసులు చూసే లాయర్‌తో ఒకసారి కూర్చోండి. పాస్టరు మాట ఒక్కటే సరిపోదు, ఆయనకు చట్టం తెలిసి ఉండాలని లేదు. 1993 నాటి కుల ధ్రువపత్రాల చట్టం కింద తప్పుడు పత్రాన్ని కలెక్టరు రద్దు చేయవచ్చు, దాని మీద వచ్చిన సీటూ ఉద్యోగమూ పోవచ్చు. బీసీ–సీకి మారాలనుకుంటే తహసీల్దారు కార్యాలయంలో ఏయే కాగితాలు అడుగుతారో, పాత స్కూల్ రికార్డుతో ఎక్కడ తేడా వస్తుందో లాయర్‌ను ముందే అడిగి తెలుసుకోండి. మారాలా వద్దా అన్నది నాన్నగారితో గొడవగా కాక, ఆయన్ని కూడా లాయర్ దగ్గరికి తీసుకెళ్లి తేల్చుకోండి. ఉద్యోగ నోటిఫికేషన్ వచ్చి చివరి తేదీ దగ్గరపడ్డాక కాదు, ఈ నెలలోనే.